పారునట్లుండు నిలువనీరు



నిలిచిన నీరు చెడును, పారెడి నీరు చెడదు అని మన పెద్దలు చెప్పుచుందురు. చిన్ననాట ఏటికి పోయినప్పుడు, ఒడ్డున మడుగుకట్టిన నీటిని విడిచి, ఇసుకమీద పారుచున్న పాయలో దోసిలిపట్టి త్రాగుట మాకందఱకు నలవాటు. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో నేను పిల్లలకు బోధించినదియు నిదియే. ఆ మాట అబద్ధమని చెప్పుటకు నేనీపూట మీ యెదుటికి రాలేదు. కాని పారుట యనగా నేమి, నిలుచుట యనగా నేమి యను సంగతి నాకు సరిగా తెలియదని, అఱువదియవ పడి సమీపించిన పిమ్మట, సముద్రముల కావల మా కోడలు నాకు తెలియజెప్పినది. ఆ ముచ్చటతో మొదలిడి, దాని వెనుకనున్న పాతికేండ్ల చరిత్రను మనవి చేసికొందును.

2019వ సంవత్సరము వేసవిలో, అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరప్రాంతమున నున్న మా కుమారుని యింటికి పోయితిని. అచ్చటి యెండ మన రెంటచింతల యెండకు మిక్కిలి తీసిపోదు. ఒకనాటి సాయంకాలము మనుమరాలిని వెంటబెట్టుకొని మా కోడలు నన్నొక ఉద్యానవనమునకు తీసికొనిపోయినది. అందొక విశాలమైన తిన్నె. దానిపై నిలువనీరు చుక్కయైన లేదు. నేలలోని రంధ్రములనుండి నీటిధారలు నిలువెత్తున ఎగజిమ్ముచున్నవి. ఇనుపస్తంభములపై నమర్చిన బొక్కెనలు నిండి, తటాలున బోర్లపడి, పిల్లల నెత్తిమీద కుమ్మరించుచున్నవి. నడచుట సరిగా రాని పసివాండ్ర మొదలు పదేండ్ల బాలురవఱకు ముప్పదిమంది బిడ్డలు కేరింతలు కొట్టుచున్నారు. దీనిని వారు స్ప్లాష్ పాడ్ అందురు. నేను నా అలవాటుకొలది ధారాంగణము అని పేరు పెట్టుకొంటిని. ఈ ప్రసంగమున ఆ పేరే వాడెదను, మన్నింపుడు.

నాలుగేండ్ల మా మనుమరాలు ఒక ధారపై వంగి, నోరు తెఱచి, ఆ నీటిని గుటగుట త్రాగుచున్నది. నేను సంతోషముతో చూచుచుంటిని. కోడలు దూరమునుండి పరుగెత్తుకొని వచ్చి, "మామయ్యగారూ, దాన్ని ఆ నీళ్లు తాగనివ్వకండి" అన్నది. "పారే నీళ్లే కదమ్మా, ఏం కాదు" అని నేనంటిని. "ఇవి పారే నీళ్లు కావండీ. కింద తొట్టిలోకి పోయి మళ్లీ పైకి వచ్చే నీళ్లు. ఇందాక ఆ పిల్లవాడి ఒంటిమీద పడ్డవే ఇప్పుడు మన పాప నోట్లో పడుతున్నాయి. అదిగో, బోర్డుమీద రాశారు చూడండి" అని యామె పలికినది. ఉపాధ్యాయుడు తప్పుదిద్దిన విద్యార్థివలె నేను మాఱు పలుకలేక నిలువబడితిని.

ధారలతో క్రీడించుట మనుష్యులకు క్రొత్త కాదు. 11వ శతాబ్దమున ధారాపురము నేలిన భోజమహారాజు పేర వెలసిన సమరాంగణసూత్రధారమను వాస్తుగ్రంథమున యంత్రముల ప్రకరణమొకటి కలదు. అందు ధారాగృహముల భేదములు వివరింపబడినవి. మన తెలుగునాట కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములవలన కర్పూరవసంతరాయడని బిరుదు పొందెను. అవన్నియు రాజుల వేడుకలు. సామాన్యుల బిడ్డలకు అమెరికాలో తొలి ధారాగృహమైనది వీథి ప్రక్కనుండు అగ్నిమాపకపు కుళాయి. న్యూయార్కు నగరపు పేదవాడలలో వేసవి తాపమునకు తాళలేక జనులు ఆ కుళాయిలను విప్పెడివారు. గంతులువేయు పిల్లలను తడిపి ఆ నీరు వీథివెంట పాఱి కాలువలో కలిసిపోయెడిది. ఒక బిడ్డను తాకిన నీరు రెండవ బిడ్డయొద్దకు మఱల వచ్చుట లేదు. అది నిజమైన పారునీరు.

నేటి ధారాంగణములు రెండు విధములు. మొదటిదానిలో పురపాలకసంఘపు త్రాగునీరే ధారగా వచ్చి, ఒక్కమాఱు పిల్లలమీద పడి, మురుగుకాలువకు పోవును. రెండవదానిలో నేలపై పడిన నీరు జల్లెడకంతలగుండ దిగి భూమిలోని తొట్టిని చేరును. అచ్చట దానిని వడగట్టి, క్లోరిన్ కలిపి, యంత్రముతో మఱల పైకి చిమ్ముదురు. మొదటి పద్ధతిలో నీరు మిక్కిలిగా ఖర్చగును. అందుచేత నీటి పొదుపు కోరినవారు రెండవదానిని ఎన్నుకొందురు. పొదుపు తప్పని యెవ్వరనగలరు? కాని దీనివలన సంభవించిన మార్పేమనగా, కంటికి వర్షమువలె గోచరించు నీరు వాస్తవముగా చిన్న కోనేటి నీరైనది. కోనేటిలో దిగిన బిడ్డకు తాను కోనేటిలో నున్నట్లు తెలియును. ఇచ్చట ఆ బిడ్డకును తెలియదు, ఒడ్డున నిలిచిన తాతకును తెలియదు.

ఈ భ్రమ తొలుత బయటపడినది 1997లో. ఉత్తరమున మిన్నెసోటా రాష్ట్రములో ఆపిల్ వ్యాలీ యను నూరిలో నొక పెద్ద జంతుప్రదర్శనశాల యున్నది. అందలి చిమ్ముధారల యంత్రము ఎండవేళ పిల్లలకు ఆటపట్టైనది. ఆ సంవత్సరము జూన్ 29న అచ్చట నొక బిడ్డ పుట్టినపండుగ జరిగినది. ఆ విందుకు కూడిన పదిమంది పిల్లలలో నలుగురు అతిసారముతో మంచమెక్కిరి. వారికి ఆ వేడుక తప్ప వేఱొక ఉమ్మడి సంబంధము లేదు. జులై 10న వారిలో నొకరి తల్లియో తండ్రియో ఆరోగ్యశాఖకు ఈ సంగతి తెలిపిరి. మఱునాడు ధారలు కట్టివేయబడినవి. విచారణ ముగియునప్పటికి రోగులసంఖ్య 369కి చేరినది. గమనింపుడు: ఆ నీటిని ఇసుకగుండ వడగట్టుచునే యుండిరి, క్లోరిన్ కలుపుచునే యుండిరి. మఱి రోగమెట్లు వచ్చినది?

ఆ రోగకారకము పేరు క్రిప్టోస్పోరిడియం. గ్రీకుభాషలో గూఢమైన బీజము అని యర్థమట. పేరు పెట్టినవారు దాని గుణము నెఱిగియే పెట్టిరేమో అనిపించును. 1907లో టిజర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు దీనిని ఎలుకలలో కనుగొనెను. మనుష్యులకు కూడ నిది సోకునని 1976వఱకు వెల్లడి కాలేదు. దీని గుడ్డు మిల్లీమీటరులో రెండువందలవ వంతు వెడల్పు గలది. చుట్టును గట్టి పెంకు. రోగి యొక్క ఒక్క విరేచనములో కోట్లకొలది గుడ్లు వెలువడును. అందు పది లోనికి పోయినను రోగము కలుగవచ్చును. సోకిన వారము దినములకు, ఒక్కొక్కప్పుడు అటునిటుగా, నీళ్లవిరేచనములు మొదలై ఒకటి రెండు వారములుండును. బలముగలవారు తమంతట కోలుకొందురు. పసిబిడ్డలకును, శరీరమున రోగనిరోధశక్తి క్షీణించినవారికిని ప్రమాదము. అంగవస్త్రము కట్టిన బిడ్డ యొకడు ధారపై కూర్చుండిన చాలును. మిగిలినది మీరే ఊహింపగలరు.

మన గ్రామములలో నూతిలో బ్లీచింగ్ పౌడరు చల్లి నిశ్చింతగా నుందుము. అది క్లోరినే. విరేచనములు కలిగించు అనేక సూక్ష్మజీవులకు అది యమపాశము. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము క్లోరిన్ యున్నచో ఈ కొలై యను క్రిమి ఒక నిమిషము లోపుననే నశించును. జియార్డియా యనునది 45 నిమిషములు తట్టుకొనును. ఈ గూఢబీజమో, 15,300 నిమిషములు! లెక్క కట్టి చూడుడు, పదిదినములకు మించినది. ఇంతలో ఆ నీరు ఎన్ని వేలమాఱులు పైకెగసి క్రిందపడునో! అదియును గాక, నీటిని సన్నని తుంపరలుగా గాలిలోనికి చిమ్మినకొలది క్లోరిన్ తఱిగిపోవును. పిల్లల యొంటి చెమట, మట్టి, మలినము మఱికొంత హరించును. ఏ తుంపర మన కన్నులకు పండుగ చేయునో ఆ తుంపరయే నీటి రక్షణను సడలించుచున్నది. ఈ బీజమును అణచునది అతినీలలోహిత కిరణమని 20వ శతాబ్దపు చివరి సంవత్సరములలో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. నీటిని గొట్టములో ఆ కిరణముల యెదుటినుండి నడపినచో గుడ్డు చావకపోయినను, లోపల వృద్ధిపొందు శక్తిని కోల్పోవును.

అమెరికావారు ఈ పురుగు నెఱుగనివారు కారు. మిన్నెసోటాకు పొరుగుననే యున్న విస్కాన్సిన్ రాష్ట్రములో మిల్వాకీ నగరమున 1993లో ఇదియే త్రాగునీటిలో చొరబడి 4,03,000 మందిని బాధించినట్లు లెక్కించిరి. అంతటి అనుభవము కలిగిన దేశములో ఆటనీటి విషయమున ఏమరుపాటు ఎందుకు కలిగెను? నా తప్పునే వారును చేసిరి. ఈతకొలనులకు అచ్చట కట్టుదిట్టమైన చట్టములు కలవు. కాని కొలను అనగా నీరు నిలిచియుండునది. ధారాంగణములో నీరు నిలువదు. కావున అనేకస్థలములలో అది కొలనుల చట్టము క్రిందికి రాలేదు. పండితుడు మాటను పట్టుకొని అర్థమును విడిచిన ట్లాయెను. బిడ్డ మునుగునంత లోతు లేదు గనుక భయములేదని తలంచిరి. మునుగుట యొక్కటే నీటిగండమా?

1999లో ఫ్లోరిడా రాష్ట్రమున సముద్రతీరపు ఉద్యానములోని ధారలవలన 38 మంది జబ్బుపడిరి. అచ్చట వడపోత యంత్రమే లేదు. క్లోరిన్ బిళ్లలు కరగిపోయిన పిదప క్రొత్తవి వేసినవారును లేరు. ఇది చిన్న సంగతి. దీనిని మించినది 2005లో న్యూయార్కు రాష్ట్రములో జెనీవా యను పట్టణముచెంత సెనెకా సరోవరతీరమున జరిగినది. అది రాష్ట్రప్రభుత్వపు ఉద్యానము. ఆ వేసవిలో దూరదూరములనుండి తల్లిదండ్రులు బిడ్డలను తెచ్చి ఆ ధారలలో ఆడించిరి. ఆగస్టు నడుమ దానిని మూయునప్పటికే బీజము పలుమండలములకు వ్యాపించినది. 3,000 మందికి పైగా రోగగ్రస్తులైరి. నీటితొట్టెలను పరీక్షింపగా గూఢబీజము దొరకినది. అప్పుడు ఆ రాష్ట్రము మేలుకొన్నది. నీటిని త్రిప్పివాడు ధారాంగణములకు అతినీలలోహిత కిరణముల యేర్పాటు ఉండవలెనని నియమము చేసినది. తమ యుద్యానములోనే జరిగిన పొరపాటుతో తమకే చట్టము నేర్పుకొన్నారు, అంతవఱకు మెచ్చదగినదే.

దీనిని వినునప్పుడు మీలో పెద్దవారికి నారిపురుగు జ్ఞప్తికి వచ్చుచుండవచ్చును. మన తెలుగుదేశమున దిగుడుబావులున్న మెట్టసీమలలో అది యొక శాపము. మా తాతగారి పిక్కనుండి వెడలుచున్న నారిని పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా లాగుట నేను బాల్యమున చూచితిని. ఆ పుండుతో మనుష్యుడు మెట్లుదిగి నీటిలో కాలుపెట్టినంతనే పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. వానిని కంటికానని నీటిపురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి నారి బయలుదేరును. దిగుడుబావిని చేదబావిగా మార్చి, చేతిపంపులు వేసి, నీటిని వస్త్రముతో వడగట్టించి, మన దేశమువారు దానిని తఱిమివేసిరి. చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో భారతదేశము నారిపురుగునుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. అంత ఘనకార్యమునకు మూలసూత్రము ఒక్కటే: కాలు దిగిన నీరు నోటికి పోరాదు. మా తాతగారు అనుభవించినదానిని కన్నులార చూచియు, డల్లాసులో నాకా సూత్రము స్ఫురింపలేదు. నీరు మెఱయుచు ఎగసిపడుచుండెను గదా!

ఇక 2021వ సంవత్సరము. ఆ జూన్ మాసములో కాన్సాసు రాష్ట్రమున గాడర్డ్ అను ఊరి వన్యమృగోద్యానములో ధారాంగణమునుండి రెండు వేఱువేఱు రోగములు పుట్టినవి. రాత్రివేళ తొట్టిలోని నీటిని త్రిప్పక, వడగట్టక, మందుకలుపక ఊరక నిలువబెట్టుటయే అచ్చటి లోపములలో నొకటి. పగలు పారునట్లున్నది రాత్రి పచ్చిగా నిలువనీరే. సెప్టెంబరులో వచ్చిన వార్తయే నన్ను కలచివైచినది. డల్లాసునకును ఫోర్టువర్తునకును నడుమ ఆర్లింగ్టన్ అను నగరము కలదు. మా కుమారుని యింటికి మోటారులో కొంతసేపటి దారి. అచ్చటి పురపాలకోద్యానములోని ధారాంగణమున నాడుకొన్న మూడేండ్ల బిడ్డ సెప్టెంబరు 11న కన్నుమూసినది. ఇచ్చట కారణము గూఢబీజము కాదు, నేగ్లేరియా యను ఏకకణజీవి. అది వెచ్చని మంచినీటిలో నివసించును. త్రాగిన ఏమియు చేయదు. ముక్కులోనికి నీరు వేగముగా దూసికొనిపోయినపుడు దానివెంట మెదడునకు ప్రాకును. పిదప బ్రదికినవారు మిక్కిలి అరుదు. మన పొరుగున కేరళరాష్ట్రములో 2024లో చెఱువులలో స్నానమాడిన పిల్లలు కొందఱు ఇట్టి జీవులవలననే మరణించిరి. (జలనేతి చేయు అలవాటు గల పెద్దలు నా మాటలు వినుచున్నచో, దానికి కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. 2011లో లూసియానా రాష్ట్రమున కుళాయినీటితో నేతి చేసిన ఇద్దఱు ఇట్లే పోయిరి.)

నేగ్లేరియాను క్లోరిన్ చంపగలదు. గూఢబీజమువలె మొండిది కాదు. కావున ఆర్లింగ్టన్‌లో యంత్రము లేదని గాని, విద్య లేదని గాని చెప్పుటకు వీలులేదు. లేనిది ప్రతిదినపు కొలత. నగరపాలకులే విచారించి ప్రకటించినదేమనగా: తమ ధారాంగణములలో రెండింటియందు, ప్రతి ఉదయము తలుపులు తెఱచుటకు ముందు చేయవలసిన నీటిపరీక్షను ఉద్యోగులు కొన్నినాళ్లు వ్రాయలేదు, కొన్నినాళ్లు చేయనేలేదు. ఆ బిడ్డ ఆడుకొనుటకు వచ్చిన మూడు దినములలో రెండు దినములకు క్లోరిన్ కొలత పద్దులో లేదు. నగరము తన ధారాంగణములన్నిటిని మూసివేసినది.

ఆ ఖాళీగడులను గూర్చి వినినప్పుడు నాకు నా హాజరుపట్టీ తలపునకు వచ్చెను. శ్రోతలారా, దాచనేల? వారాంతమున గడులన్నియు ఒక్కసారిగా నింపిన దినములు నా యుద్యోగములోను లేకపోలేదు. పిల్లవాడు వచ్చినను రాకున్నను పట్టీలో గీత పడినది. దానివలన ఎవ్వరును చావలేదు గనుక నేను దానిని దోషముగా నెంచలేదు. నీటిపద్దు వ్రాయు ఉద్యోగియు అట్లే యెంచియుండును. నిన్న బాగుగనే యున్నది, నేడును బాగుగనే యుండును, అని. ఈ సంగతి చదువుకొన్న దినమున నాకు అన్నము సహింపలేదు.

1997 మొదలు 2022వఱకు అమెరికాలో ధారాంగణములవలన కలిగిన రోగవ్యాప్తులు 60 అని అచ్చటి వ్యాధినివారణ కేంద్రము లెక్కించినది. రోగులు 10,000 మందికి పైచిలుకు. వారిలో పదింట తొమ్మిదిమంది గూఢబీజపు వాతబడినవారే. ఆ లెక్కలో మరణము ఒక్కటియు లేదు. మఱి ఆర్లింగ్టన్ బిడ్డ యేమైనది? ఇద్దఱు లేక అంతకు మించి జబ్బుపడిననే వ్యాప్తి యని వారి నిర్వచనము. ఒంటరిగా పోయిన బిడ్డ ఆ పట్టికలోనికి రాదు. గణితశాస్త్రమున అది సరియే.

ఇది అమెరికా ముచ్చటయని త్రోసివేయుటకు లేదు. హైదరాబాదు చుట్టుపట్ల వినోదోద్యానములలో రెయిన్ డాన్సు పేర కృత్రిమవర్షమున తడియుట మన యువకులకు బాగుగ నలవడినది. హోలీనాడు లారీట్యాంకుల నీటితో అట్టి వేడుకలు జరుగుచున్నవి. సెలవులకు వచ్చిన మనుమలను వెంటబెట్టుకొని మీరును అట్టిచోట ఒడ్డున నిలువబడవచ్చును. ఆ నీరెచ్చటనుండి వచ్చినది, పడినపిమ్మట ఎచ్చటికి పోవుచున్నది, ఉదయము దానిని కొలిచినదెవరు అని అడుగుడు. అడిగిన తాతను చూచి కొందఱు నవ్వుదురు. నవ్వనిండు. కడుపులో జబ్బుగానున్న బిడ్డను, అది తగ్గినపిదప కూడ రెండువారములవఱకు, నీటియాటకు పంపకుడు. అంగవస్త్రము కట్టిన పసివానిని గంటకొకమాఱు ప్రక్కకు తీసికొనిపోవుడు. ఈ రెండు పనులు ఏ ప్రభుత్వమును మనకై చేయజాలదు.

2023లో నేను మఱల మా కుమారుని యింటికి పోయితిని. మనుమరాలికి ఎనిమిదేండ్లు నిండినవి. అదే ఉద్యానమునకు అదే సాయంకాలపు వేళ పోయితిమి. ఈ పర్యాయము ద్వారముచెంత నొక పలక వ్రేలాడుచున్నది. దానిపై ఆనాటి తేదియు, ఉదయపు క్లోరిన్ కొలతయు, కొలిచినవారి పొడియక్షరములును వ్రాయబడియున్నవి. నేను కండ్లద్దములు వెదకుకొనులోపల నా మనుమరాలు దానిని బిగ్గరగా చదివి, "తాతయ్యా, ఇవాళ్టిదే" అని చెప్పి, చెప్పులు విడిచి ధారలలోనికి పరుగెత్తినది. నోరు గట్టిగా బిగించికొనియే దిగినది. అంతలో ఎత్తుననున్న బొక్కెన దాని తలపై కుమ్మరించినది. ఇక నవ్వక యుండుట దానికి సాధ్యము కాలేదు.